నందివర్ధనం తొలి పువ్వు

ఈ ఉదయం తిరుపతిలో మా గుమ్మం పక్కన గుబురుగా పెంచిన నందివర్ధనం తొలిసారి పూసింది. ఆ ముదురాకుల మధ్య తెల్లదనం చూడగానే మా చెల్లెలు అలివేలు జడ గుర్తొచ్చింది. మన ఇళ్లలో తొలి పువ్వు స్వామిది, వాసన చూసినా తప్పే, గుర్తుందా? మా చిన్నప్పుడు ఇలాగే పూసిన తొలి పువ్వును అలివేలు కోసి జడలో పెట్టేసుకుంది.

“స్వామి పువ్వు నువ్వు పెట్టుకుంటావా? యాడ నేర్చినావే ఈ పొగరు?” నాయన చెయ్యెత్తాడు.

పూజగదిలోంచి అవ్వ అరిచింది. “ఆపురా! ఆ తల్లి ముందు తన కొప్పులో ముడిచి పంపిన మాలనే గదా రంగనాథుడు కోరి ఏసుకునినాడు? నువ్వేమన్నా ఆయనకన్నా పెద్దోడివా?”

నాయన చెయ్యి దిగింది. జడలోని ఆ పువ్వునే అవ్వ స్వామి పాదాల మీద పెట్టింది.

నేను శాస్త్రం నేర్చుకున్నది ఆ రోజే. ఇవాళ కూడా తొలి పువ్వు మనవరాలి జడలో ముడిచి, తర్వాతే స్వామికి పెట్టాను. తప్పనేవాళ్లు రండి, నా గ్రంథం తెరిచే ఉంది!