గోడవతల బాలింత

శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే బస్సులో, జ్వరంతో ఉన్న బాబును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న పెద్దామె నా చెయ్యి పట్టుకుని తన టిఫిన్ డబ్బా మీద పెట్టింది.

“సూడు బిడ్డా, ఎట్ల సల్లవడ్డదో! నా బిడ్డ బాలెంత. అత్త లేదు, వండిపెట్టెటోళ్లు లేరు. బాలెంతకు సల్లటి బువ్వ వెడ్తరా?”

కూతురి ఇల్లు వాళ్ల ఇంటి పక్కనేనట. మొన్నటిదాకా నడిచి వెళ్లిన బండ్లబాటకు అడ్డంగా కొత్త కాలనీ గోడ లేచింది. ఇప్పుడు మెయిన్ రోడ్డుకు వచ్చి, బస్సెక్కి, చుట్టూ తిరిగి పోవాలి.

“మనవరాలు ఏడిస్తే మా ఇంట్లకు ఇనవడ్తది. ఎత్తుకుందామంటే బస్సెక్కాలె! మీదేడ బిడ్డా?”

మా కాలనీ పేరు చెప్పాను.

“ఇగో, గా గోడ మీదేనా! మరి నువ్వెందుకు బస్సుల ఉన్నవ్?”

పిల్లల డాక్టరు కూడా ఆ గోడకు అవతలే ఉన్నాడన్నాను. ఆమె పకపకా నవ్వింది.

“అయితే మీరు గూడ లోపట వడ్డరన్నట్టు!”

నాకు నవ్వు రాలేదు. ఇల్లు కొన్నప్పుడు చూపించిన ప్లానులో ఆ బాట రోడ్డుగానే ఉంది. దాన్ని మూసే హక్కు ఎవరిచ్చారు? ఊరు పెరగడమంటే పక్కింటికి బస్సెక్కి వెళ్లడమా?

దిగే ముందు ఆమె డబ్బాను కొంగులో చుట్టి, ఉన్న కాస్త వేడీ పోకుండా పొట్టకు అదుముకుంది.

ఆ రాత్రే కాలనీ గ్రూపులో, గోడకు చిన్న గేటైనా పెట్టమని రాశాను. సెక్యూరిటీ సమస్య అన్నారు. ఎవరివల్ల, కూతురికి వేడన్నం తెచ్చే తల్లివల్లా అని అడిగాను.

రేపు మళ్లీ అడుగుతాను.