కూర్మనాథం పంతులుగారి నస్యం

గజపతినగరంలో పరదేశపు నర్సులకు తెలుగు నేర్పే మిషను బడి ఒకటుండేది. అక్కడి కూర్మనాథం పంతులుగారు కండువా భుజం మీదికి విసిరి, చిటికెడు నస్యం పీల్చి, గొంతు సవరిస్తేగాని ఒక్క వాక్యమూ మొదలుపెట్టేవారు కాదు. వేదపాఠానికి చెయ్యి ఆడినట్టు ఆయన పాఠానికి ముక్కు ఆడాలి. పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఈస్టరు పండగకి ఆయన శిష్యురాలు ఎల్సా దొరసాని ఊరివాళ్ల ముందు తెలుగులో మాట్లాడాలన్నారు. ఆమె తడబడితే వచ్చే టర్ముకి వేరే పంతుల్ని చూస్తామని మిషను పెద్దదొర ముందే చెప్పేశాడు. పంతులుగారు చివరి బల్ల మీద చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు.

ఎల్సా లేచింది. లేని కండువా విసిరింది, లేని నస్యం పీల్చింది, గొంతు సవరించి, "అమ్మలారా, అయ్యలారా, ప్రభువు లేచిన రోజిది" అంది. మళ్లీ కండువా, మళ్లీ నస్యం, మరో వాక్యం. తెలుగు మాట్లాడాలంటే ఇదంతా ఉండాలనుకుంది పాపం. జనం విరగబడి నవ్వారు. తనను వెక్కిరిస్తోందనుకుని పంతులుగారు చెప్పులు వెతుక్కున్నారు.

"ఎక్కడికెల్తారు బాబూ?" అని వంటమనిషి దేముడమ్మ అడ్డొచ్చింది. "కళ్లు మూసుకుని ఇనండి. అచ్చం మీరే మాటాడతన్నట్టున్నాది."

ఆయన విన్నారు. ఒక్క తప్పూ లేదు. పెద్దదొర తలూపుతున్నాడు. పంతులుగారు తిన్నగా వేదిక దగ్గరికి నడిచి నస్యం డబ్బీ తెరిచి పట్టారు.

"ఉత్త వేళ్లు పీలుస్తావేటమ్మా, ఇది పట్టు."

ఎల్సా పట్టింది. ఆ తుమ్మొక్కటే ఆమె సొంత భాషలో వచ్చింది.