రాకాసి బల్లికి తోక మరిచిపోయాం

మా చిన్నప్పుడు... మా డ్రాయింగ్ సారు నా రాకాసి బల్లిని క్లాసంతా చూస్తుండగా నడిమికి చింపేశారు. ఆ చప్పుడు గుర్తొస్తే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

అప్పుడు నేను నాలుగో తరగతి. సైన్సు ప్రచారం వాళ్లు బస్టాండులో పంచిన కరపత్రం ఒకటి చేతికొచ్చింది. పొడుగు మెడ రాకాసి బల్లి ఎముకలు మన గోదావరి పక్క రాళ్లలోనే దొరికాయట! ఇక అన్నం సయిస్తే ఒట్టు... అది ఏ రంగు? పడుకుని నిద్రపోయేదా, నిలబడా? అంత మెడ నొప్పి పుట్టదా?

మాది నేతపని వాళ్లుండే కొత్తవాడ. మా పక్కింటి యాకూబ్ చిచ్చా జంపఖానాలు నేసేవాడు. గళ్ల కాగితం మీద డిజైన్లు గీసేదీ ఆయనే. వెళ్లి అడిగాను.

"నేనేమన్న సూసిన్నా బిడ్డా దాన్ని? సరే, జర ఆ పెన్సిల్ ఇయ్యి. గుండ్రం జోలికి పోకు, మగ్గానికి గుండ్రం రాదు. మెట్లు మెట్లు కట్టుకుంట పోవాలె."

తలకు చిన్న చదరం, మెడకు నిలువు పట్టీ, పొట్టకు పెద్ద చదరం, వీపు మీద త్రిభుజాలు...

"త్రిభుజాలు ఎందుకు చిచ్చా?"

"అందానికి! గదానికి గూడ షోకుండదా?"

జంపఖానా డిజైన్ ఎప్పుడూ సగమే గీస్తారు. రెండో సగం దాన్నే తిప్పి నేస్తారు. ఆ అలవాటుతోనే చిచ్చా సగం పొట్ట దాకా గీసి, "మిగిలింది నువ్వు తిప్పి గీయి" అన్నాడు. నేను గళ్లు లెక్కబెట్టి తిప్పి గీశాను. అటొక తల, ఇటొక తల... ఇద్దరం చూసుకుని మురిసిపోయాం. ఒక్కరికీ అనుమానం రాలేదు!

తెల్లారి సారు దాన్ని పైకెత్తి అందరికీ చూపించారు. "ఇది జంతువా, జంపఖానానా? మీ వాడోళ్లకు ఇంతకంటె ఏమొస్తది?" పర్రుమని చింపారు.

తల ఒకటి ఎక్కువైందంటే దిద్దుకునేదాన్ని. ఆయన చింపింది మా వాడను.

ఇంటికొచ్చి రెండు ముక్కలూ చిచ్చా కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలో విసిరేశాను. "ఇగ గీయ చిచ్చా."

ఆయన వాటిని ఏరుకుని చాలాసేపు చూశాడు. నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో... తోక మర్సిపోయినం గద!" దగ్గొచ్చేదాకా నవ్వాడు. "సగం గీసే అలవాటు పాడుగాను! తప్పు నాది బిడ్డా, నీది కాదు."

ఒక్కో ముక్కను ఒక్కో కొత్త గళ్ల కాగితానికి అంటించి, పెన్సిల్ నా చేతిలో పెట్టాడు.

"ఫికర్ జెయ్యకు. ఒకటి చింపితె రెండయినయ్. తోకలు పెట్టు."

ఒకదానికి పొడుగు తోక, ఒకదానికి పొట్టిది పెట్టాను. ఏది నిజమో చూసినవాళ్లెవరు?

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే... చిచ్చా మనవరాలు ముస్కాన్ రెండో తరగతి. వాళ్ల బడిలో చుక్కలు కలిపే పుస్తకం ఇచ్చారు. కలపడమే పని, ఆలోచించే పని లేదు. ముస్కాన్ పక్కన సొంతంగా నలుచదరం కాళ్ల రాకాసి బల్లిని గీసింది. మిస్ ఎర్ర పెన్నుతో కొట్టేసింది.

"కాళ్లు గుండ్రంగనే ఉండెనని మిస్‌కెట్ల తెల్సక్కా?" అని అడిగింది నన్ను. ఎంత మంచి ప్రశ్న! ఆ వెంటనే పెన్సిల్ పక్కన పడేసింది. "ఇగ గీయ."

అచ్చం నా మాటే... నాకు మళ్లీ చెవులు వేడెక్కాయి.

మా గల్లీలో మగ్గాల చప్పుడు ఎప్పుడో సన్నగిల్లింది. చిచ్చాకు ఇప్పుడు కాగితం మీది గళ్లు కంటికి ఆనవు. అయినా పెన్సిలిస్తే చెయ్యి మెట్లు కట్టుకుంటూ పోతుంది... ఆ చెయ్యి ఉండగానే రండి.

ఈ ఆదివారం పొద్దున పది గంటలకు, చిచ్చా మగ్గం ముందు. మీ పిల్లల్ని తీసుకురండి, రాకాసి బల్లుల్ని గీద్దాం. చిన్నప్పుడు మీ బొమ్మను ఎవరైనా చింపి ఉంటే మీరూ రండి... రాలేకపోతే ఆ బొమ్మ ఏమిటో కింద రాయండి, మేం గీస్తాం. కాగితాలు మావి.

ముస్కాన్ ఇంకా వస్తాననలేదు. కానీ పది మంది పిల్లలు తోక మరిచిపోతుంటే, అది చూస్తూ ఊరుకునే రకం కాదు.

సరిగ్గా పదింటికి.