ఆయమ్మ చెప్పాల్సిన మాట

మా ఆయమ్మ పోయింది. శనివారం పొద్దున దేవుడి ముందు దీపం వెలిగిస్తుంటే తిరుమలగిరి నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క లేదమ్మా. చాయ తాగుమని లేపితె లేవలే," అన్నది. మళ్లీ తనే, "నిన్న నీకొక మాట చెప్పుమన్నది. బేస్తారం నాటికి నేను లేకపోతె ఆమెనే పొమ్మను అన్నది. ఏడికి పోవాల్నో నాకు చెప్పలే. నీకెరుకేనా?" అని అడిగింది.

ఆ గురువారం ఎక్కడికి పోవాలో నాకు తెలుసు. తెలుసు కాబట్టే వెంటనే ఏడుపు రాలేదు. చేతిలోని అగ్గిపుల్ల వేలిదాకా కాలింది.

నల్లగొండలో దిక్కులేని పసిపిల్లలను సాకే ఒక ఆశ్రమంలో ఆమె ఇరవై ఏళ్లకు పైగా ఆయాగా పనిచేసింది. పెళ్లయి ఎనిమిదేళ్లయినా నాకు కడుపు పండలేదు. దత్తతకు పేరు రాయించుకుందామని నేను, మా ఆయన మొదటిసారి అక్కడికి వెళ్లి ఆఫీసు గది ముందు బల్ల మీద కూర్చుంటే, ఆమె లోపలి నుంచి వచ్చి, "జర పట్టుకో బిడ్డా, పాలు కలుపుకొస్త," అని ఒక పసికందును నా చేతుల్లో పెట్టి పోయింది. అట్లా ఇవ్వకూడదని అక్కడి రూలు. పాలు కలపడానికి అంతసేపు పట్టదని కూడా నాకు తర్వాత తెలిసింది. కాగితాలన్నీ అయ్యాక ఆ బిడ్డే మా ఇంటికి వచ్చింది.

ఆమె పిల్లలకు నీళ్లు పోస్తుంటే చూడాలి. కాళ్లు చాపుకుని, కాళ్ల మీద పడుకోబెట్టుకుని, పెద్దమనుషులను పలకరించినట్టు పలకరించేది. "ఏం దొరసాని, గింత పొద్దెక్కినంక లేస్తరా? నీళ్లు కాగవెట్టి ఎంతసేపాయె!" అనేది. మా ఆయన మొదటిసారి బిడ్డను ఎత్తుకున్నప్పుడు అంగీ అంతా తడిసింది. "ఫికర్ చెయ్యకు అల్లుడా. తడిపితెనే నీ బిడ్డ. ఎండినోనికి ఇయ్యం," అని పకపకా నవ్వింది. పిల్లలందరూ ఒక్కసారి ఏడుస్తున్నా విసుక్కునేది కాదు. "ఏడ్సే పిల్లతోటి భయం లేదు. ఏడుపు బందు చేసిన పిల్లను చూస్తెనే నాకు గుబులు," అనేది.

కొలువు అయిపోయాక చెల్లెలి దగ్గరికి తిరుమలగిరి వెళ్లిపోయింది. ఏడాదికొకసారి, మేము బిడ్డను ఇంటికి తెచ్చుకున్న రోజున, పల్లీపట్టీల పొట్లంతో మా ఇంటికి వచ్చేది. చెప్పులు విడవగానే ముందు బిడ్డ గదుమ పట్టి పైకెత్తి ముక్కు చూసేది. మా బిడ్డ ముక్కుకు చిన్న పొక్క, కుట్టించిన రంధ్రం లాంటిది, ఉండేది. ఆశ్రమానికి వచ్చినప్పుడే ఉందట. "ఇంక పూడలేదా?" అనేది. పూడిందని ఒక ఏడు నేను చెబితే, ఆమె ముఖం తేలికపడాల్సింది పోయి ఇంకా నల్లబడింది. నేను చాట పట్టుకుని బియ్యం చెరుగుతుంటే లేచిపోయి గడప అవతల కూర్చునేది. ఎందుకని నేను ఎన్నడూ అడగలేదు. అడగకపోవడంలోనే నా నెమ్మది ఉందనుకున్నాను.

తెలంగాణ వచ్చిన ఏడు నా బిడ్డకు పదేళ్లు. ఆ ఏడే దానికి దత్తత సంగతి చెప్పాం. డిగ్రీలో చేరాక ఒకరోజు, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు తమ దత్తత కాగితాల కోసం అర్జీ పెట్టుకోవచ్చట అని చెప్పింది. మా ఆయన తోడు వెళ్లి పెట్టించి వచ్చాడు. నేను ఆ సాయంత్రం ఎవరూ మొక్కకూడని మొక్కు మొక్కుకున్నాను. ఏమీ దొరకొద్దని.

కొన్ని నెలలకు కాగితం వచ్చింది. అందులో ఉన్నది ఒక్క వాక్యమే: "మర్రిగూడ వెళ్లే దారిలో, ఊరి వెలుపల పెంటకుప్పపై విడిచిపెట్టబడిన ఆడశిశువు." తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, ఏదీ లేదు. నా బిడ్డ దాన్ని రెండుసార్లు చదివి, "అమ్మా, నేను చెత్తల దొరికిన్నా?" అని అడిగింది. అంతే. ఆ తర్వాత ఏడవలేదు, మాట్లాడలేదు. పొద్దున మున్సిపాలిటీ చెత్తబండి వచ్చే వేళకు వాకిట్లోకి వెళ్లి, అది మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడేది. పదిహేను రోజులు అట్లా చూసింది. ఆయమ్మకు ఫోన్ చేశాను.

మర్నాడు మొదటి బస్సుకే వచ్చింది. కాగితం చదివించుకుని, "పారేసెటోళ్లు చాటల పండవెడ్తరా పొల్లా? ఒంటికి పసుపు రాస్తరా? ముక్కు కుట్టిస్తరా?" అన్నది. నా బిడ్డ పదిహేను రోజుల తర్వాత మొదటిసారి తలెత్తి ఒక మనిషి ముఖంలోకి చూసింది.

పుట్టిన పిల్లలు పుట్టినట్టే చనిపోతుంటే మా దిక్కు ఊళ్లలో ఒక తంతు చేస్తారు. బిడ్డకు ముక్కు కుట్టించి, చాటలో తవుడు పోసి దాని మీద పడుకోబెట్టి, పెంటకుప్ప మీద వదిలి, తల్లి వెనక్కి తిరగకుండా ఇంటికి పోవాలి. ఇది ఎవరికీ అక్కరలేని పిల్ల అని చావు అనుకోవాలి. అప్పుడు దగ్గరి చుట్టం ఒకామె వచ్చి, దొరికినట్టు ఎత్తుకుని, తవుడుకు కొనుక్కున్నానని చెప్పి, తెచ్చి తల్లికే ఇస్తుంది. పెంటమ్మ, పెంటయ్య అని మనం వినే పేర్లు అట్లా బతికించుకున్న పిల్లలవే. నా బిడ్డ దాన్ని కన్న తల్లికి నాలుగోదని ఆయమ్మ చెప్పింది. ముందు ముగ్గురూ దక్కలేదు. ఆ రోజు ఎత్తుకోవాల్సిన చుట్టం రావడం కొంచెం ఆలస్యమైంది. ఆ రోజుల్లో ఆ దారిన, పారేసిన ఆడపిల్లలను ఆశ్రమాలకు చేర్చే ఒక జీపు తిరుగుతుండేది. జీపులోని వాళ్లు కుప్ప మీద ఏడుస్తున్న బిడ్డను చూశారు, మంచికే ఎత్తుకున్నారు. చావును మాయ చేయడానికి కట్టిన వేషాన్ని బతికున్న మనుషులు నమ్మారు.

ఆయమ్మ చెబుతున్నది అక్కడితో ఆగిపోతే బాగుండునని నాకు అనిపించింది. ఆమె ఆగలేదు.

"మీ అమ్మానాయిన ఆశ్రమానికొచ్చి పోయిన తెల్లారి, గేటు కాడికి ఒక బాలింత వచ్చింది. పాలు కారి రైకంత తడిసి ఉన్నది. ముగ్గురు పోతె ఇది నాలుగోది, చాటల పెట్టిన, తవుడు మీద పెట్టిన, నా బిడ్డనియ్యున్రి అని ఒక్కతీరుగ మొత్తుకున్నది. నీ బిడ్డే అనెటందుకు కాయితమున్నదా అన్నరు మా పెద్దోళ్లు. ఇంట్ల మంత్రసాని చేతుల పుట్టిన పిల్లకు కాయితమేడిది? అమ్ముకొని మళ్ల వచ్చిందని ఎల్లగొట్టిండ్రు. మూడు దినాలు వచ్చింది. నేను గేటెనకనే ఉన్న. నీ నెత్తికంటిన తవుడు ఈ చేతులతోటే కడిగిన. ఔ, చాటలనే వచ్చింది అని ఒక్క మాటంటె సాలు. అనలే. ఏ ఊరమ్మా అని గూడ అడగలే. అడిగితె మర్సిపోలేనని."

"ఎందుకనలే అవ్వా?" అని నా బిడ్డ మెల్లగా అడిగింది.

ఆయమ్మ నావైపు చూసింది. "ముందుదినమే మీ అమ్మ ఒళ్లె పెట్టిన గద. ఆ మొగం చూసినంక నా నోరు లేవలే."

ఆ మాటకు నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి మీద ఏమీ లేదు. అయినా చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

దత్తత అర్జీ పెట్టిన ఆఫీసులో అడిగితే, కన్నతల్లి ఒప్పుకుంటే తప్ప వాళ్లు ముందుకు పోలేమన్నారు. ఆ తల్లి ఎవరో వాళ్ల కాగితంలోనే లేదు. అందుకే ఆయమ్మ తనే బయల్దేరింది. డెబ్బైకి దగ్గరపడ్డ వయసు, అరిగిన మోకాళ్లు. మర్రిగూడ దారిలో ఒక్కో ఊరు దిగి, మేకపిల్లలు కొననీకొచ్చిన అని చెప్పుకుంటూ, వాకిళ్లలో కూర్చుని ముచ్చట్లు పెట్టింది. "ఒక్క మేకను కొనకుండ ఆరూర్ల మేకల రేటు చెప్పనేర్సిన," అని నవ్వేది. ఏడో ఊరి నుంచి వచ్చిన రోజు నవ్వలేదు.

"బతికే ఉన్నది బిడ్డా. ఆ దిక్కు ఫ్లోరైడు నీళ్లు ఎముకలను తిన్నయి. నడుము వంగది, మెడ తిరుగది. ఆమెకు మళ్ల పిల్లలు కాలే. నేను చెప్పిందంత ఇన్నది. తిట్టలే, శాపం పెట్టలే. లోపలికి పొయి చెంబుతోటి నీళ్లు తెచ్చిచ్చింది. ఆ నీళ్లు నా గొంతు దిగలే."

అంతకంటే పెద్ద మాట తర్వాత చెప్పింది. ఆ రోజు బిడ్డను ఎత్తుకోవాల్సింది ఆ తల్లి ఆడిబిడ్డ, అంటే ఆడపడుచు. కావాలనే ఆలస్యం చేసింది, జీపువాళ్లకు మేనకోడలిని అమ్ముకుంది అని ఊరంతా అన్నది. ఆ ఆడిబిడ్డను ఆమె మొగుడు వదిలేశాడు. ఇరవై ఏళ్లుగా ఊరి బయట గుడిసెలో మేకలు కాసుకుంటూ ఒక్కతే ఉంటున్నది. ఆమెను ఎవరూ పేరుతో పిలవరు. బిడ్డనమ్మినామె అంటారు.

ఆ తల్లి ఆయమ్మను ఒక్కటే అడిగిందట: "నాకొక్కదానికి చెప్తె ఏమొస్తది? నేను గూడ నమ్మిన, నేను గూడ అన్న. మా ఆడిబిడ్డ ముందల, ఊరోళ్లు ఇనంగ చెప్పు. గప్పుడు నా బిడ్డను చూస్త."

ఆయమ్మ ఒప్పుకుని వచ్చింది. బేస్తారం అనుకున్నారు. "నన్ను కొడ్తరేమో బిడ్డా. రెండు దెబ్బలకంటె ఎక్కువ ఆగను, నేను పోతె వాళ్ల మీదికే వస్తది," అని నవ్వబోయి, తాగని చాయ కప్పు కింద పెట్టేసింది. నేనూ వస్తానని అనాల్సిన చోటు అది. నేను, "స్వామి చూసుకుంటాడు ఆయమ్మా," అన్నాను.

"సామి చూస్తనే ఉన్నడు. నోరు మాత్రం మనకిచ్చిండు," అన్నది.

అదే ఆమె నాతో అన్న చివరి మాట.

ఇది చదివి ఆమెను తప్పుపట్టేవాళ్లు ఉంటారు. పట్టొచ్చు. నేను పట్టలేను. ఆమె మౌనం మీద బతికింది నేను, నా ఇల్లు. నా బిడ్డ మొదటి అడుగు, మొదటి మాట, జ్వరం వచ్చిన రాత్రుల్లో నన్ను వెతుక్కున్న చెయ్యి, అన్నీ ఆమె నోరు విప్పకపోతేనే నాకు దక్కాయి. ఎవరూ అడగకపోయినా, ఏ కాగితమూ పట్టివ్వకపోయినా, ముసలితనంలో తనంతట తానే ఆ మౌనాన్ని మోసుకుని ఊరూరా తిరిగింది కూడా ఆమే. అటువంటి మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

బేస్తారం నేను, నా బిడ్డ ఆ ఊరికి వెళ్లాం. పత్తి పని లేని రోజులు, అందరూ ఇళ్లలోనే ఉన్నారు. మేము నడుస్తుంటే వాకిళ్లలోకి వచ్చి చూశారు కానీ ఎవరింటికి అని ఒక్కరూ అడగలేదు. రేకుల ఇంటి ముందు మంచం మీద కూర్చున్న మనిషి ఒళ్లంతా తిప్పి మమ్మల్ని చూసింది. నా బిడ్డ వెళ్లి ఆమె కళ్లకు సమానంగా మోకాళ్ల మీద నిలబడింది. ఇద్దరిదీ ఒకటే నుదురు.

ఆమె బిడ్డను ముట్టుకోలేదు. "గామె రాలేదా?" అని నన్ను అడిగింది.

"పోయిందమ్మా. శనివారం."

"మరెవ్వలు చెప్తరు?"

వీధి చివర మేకలు ఆగిన చప్పుడైంది. వాటి వెనక కర్ర పట్టుకుని ఒక బక్కపలచని ఆడమనిషి నిలబడి ఉంది. దగ్గరికి రాలేదు.

నేను నలుగురిలో గొంతెత్తిన మనిషిని కాను. భజనలో కూడా వెనక వరసలో కూర్చుంటాను. చేతులు జోడించి చెప్పాను. మేకల వెనక నిలబడ్డ ఆమె బిడ్డను అమ్మలేదని, ఆమె కంటే ముందు జీపు వచ్చిందని, ఆ సంగతి తెలిసిన మనిషి నా కోసం చెప్పలేదని, అప్పటికే బిడ్డను నేను ఎత్తుకుని ఉన్నానని.

"ఇనవడ్తలేదు," అన్నది ఆమె అక్కడి నుంచే. "నన్ను అన్నప్పుడు ఊరంత ఇనవడ్డది. గట్టిగ చెప్పు."

మళ్లీ చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మంచం మీది చెయ్యి నెమ్మదిగా లేచి నా బిడ్డ భుజం మీద ఆగింది.

వాకిళ్లలో నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే లోపలికి పోయారు. ఒక తలుపు పడింది. ఆ పక్కది పడింది. కర్ర పట్టుకున్న ఆమె కదలలేదు. మేకలు మాత్రం ఆమెను దాటుకుని, ఎన్నడూ రాని ఆ వీధి నడిమికి వచ్చి, మూసిన తలుపుల ముందు నేలను వాసన చూస్తూ నిలబడ్డాయి.