ఎలుకల మందు మీద పేడనీళ్లు

మా అత్తవారింట్లో శుభ్రం మీద అందరికీ ప్రాణం. ఆ శుభ్రమే నన్నూ నా అయిదు రోజుల పిల్లనూ కొద్దిలో మింగేసేది. మా అత్త బతికుండగా ఈ మాట నేను పైకి అనలేదు. ఇప్పుడు అంటున్నాను, ఎవరేం అనుకుంటారో అనుకోనీ.

నిజాం సర్కారు రోజులవి. నారాయణఖేడ్ బజారులో మా మామకు జొన్నలు, కందులు అమ్మే దుకాణం. ముందర దుకాణం, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక దొడ్డి. దొడ్డిని ఆనుకున్న చీకటి గదిలో నన్ను పురుటికి పెట్టారు. బాలింతకు గాలి సోకకూడదని మా అత్త కిటికీ సందుల్లో పాతచీర పేలికలు కుక్కింది. పదకొండోనాడు స్నానమయ్యేదాకా నేను గడప దాటకూడదు, ఇంట్లోవాళ్లు నన్ను ముట్టకూడదు. నా చెంబు వేరు, నా గిన్నె వేరు. నన్ను ముట్టుకునే మనిషి ఒక్కతే, మంత్రసాని. ఆమె రోజూ దొడ్డివాకిట్లోంచి వచ్చి, పిల్లకు నీళ్లు పోసి, నా నడుముకు గుడ్డ బిగించి, వచ్చిన దారినే పోయేది. ఆమె కులంవాళ్లు మా ముందు వాకిలి తొక్కకూడదు.

ఆ వారం బజారులో ఎవరింటి అటక మీంచో ఒక ఎలుక దబ్బున పడి చచ్చింది. ప్లేగు అన్నారు. మరునాటికల్లా ఊరి బయట గుడారం లేచింది. ఒక జమేదారు, ఇద్దరు జవాన్లు, ఒక గుమాస్తా, ఒక పెద్ద పంపు. ఆ పంపులో బూడిద రంగు పొడి పోసి ఎలుక కలుగుల్లోకి కొడితే లోపలున్నవి ఊపిరాడక చస్తాయి. పొడిగా ఉన్నంతసేపు ఆ మందు నెమ్మదిగా పనిచేస్తుందట. నీళ్లు తగిలితే మాత్రం ఒక్కసారిగా విషపు గాలై లేస్తుందట, ఇక అది ఎలుకా మనిషా అని చూడదట. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. తెలియాల్సినప్పుడు తెలిసింది మా మామ ఒక్కడికే.

జమేదారు దుకాణం ముందు నిలబడి ఆయనకు మూడుసార్లు చెప్పాడు. "సేఠ్, పానీ నక్కో డాలో. రేపటిదాంక ఒక్క చుక్క నీళ్లు పడొద్దు. ఇంట్ల ఎవలన్న ఉన్నరా?"

"ఎవ్వలు లేరు సాబ్, అందరు బయటనే ఉన్నరు" అన్నాడు మా మామ.

ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. పురిటిగదిలో పిల్లతల్లి ఉందని పరాయి మగవాడి చెవిన వేస్తే దిష్టి తగులుతుందని భయపడ్డాడు. దిష్టి తగలకుండా కాపాడాడు, అదొక్కటి ఒప్పుకోవాలి. ఇక నీళ్ల సంగతికి "హౌ హౌ" అని తలూపి తూకం దగ్గరికి పోయాడు. యజమానికి చెబితే ఇంటికంతా చెప్పినట్టేనని జమేదారు అనుకున్నాడు. ఆడవాళ్లకు సర్కారు మాటలెందుకని మామ అనుకున్నాడు.

జవాన్లు దొడ్డిగోడ వెంట ఉన్న కలుగులన్నిటికీ పంపు కొట్టి వెళ్లిపోయారు. వాళ్లు అటు పోయారో లేదో మా అత్త ఇటు వచ్చి చూసింది. దొడ్డి నిండా తోలుబూట్ల అడుగులు. ఆమె పుట్టిల్లు బీదరు వైపు, కోపమొస్తే ముందు కన్నడమే వచ్చేది.

"అయ్యో దేవరే! బూట్లేసుకొని ఇల్లంత తొక్కిపోయిన్రు గదనే!"

బాన నిండా పేడనీళ్లు కలిపి చీపురందుకుంది. అడుగులు కలుగుల దగ్గరే ఎక్కువగా ఉన్నాయి కనక అక్కడ నాలుగు చెంబులు ఎక్కువే పోసింది. పని విషయంలో ఆమెకు వంక పెట్టలేం.

నేను లోపల చీపురు చప్పుడు వింటూ పిల్లకు పాలిస్తున్నాను. ఎలుకలకు మైలా మడీ పట్టవు కదా, దొడ్డిలో మొదలైన కలుగు నా మంచం కింద తేలింది. ముందు చేదు బాదంపప్పు నమిలినట్టు ఒక వాసన. ఆ వెంటనే గొంతులో గరగర, తల దిమ్ము. బయట మా అత్త ఖంగుఖంగున దగ్గుతూ "మందు లేసింది! ఉరుకుండ్రి!" అని కేక పెట్టింది. ఇల్లంతా కాళ్ల చప్పుడు వీధిలోకి పోయింది.

నిజం చెప్పాలి, నేను లేచాను. పిల్లను ఎత్తుకుని గడప దాకా వచ్చి అక్కడ ఆగాను. రోజులు నిండకుండా గడప దాటితే పిల్లకు కీడని అయిదు రోజులుగా చెవిలో పోస్తున్నారు, ఆ విషపు గాలిలో కూడా నాకు అదే గుర్తొచ్చింది. థూ, నా తెలివి తగలెయ్య! ఏదైతే అదైందని దాటబోయేసరికి కాళ్లు ఆడలేదు. గడపకు ఆనుకుని కూలబడ్డాను.

తలుపులన్నీ బార్లా తెరిచి పోయారు కనక వీధిలో మాటలు నాకు వినబడుతున్నాయి. మా తోడికోడలు దేవుని పటాలు తెచ్చిందట. మా మామ కందుల బస్తా ఈడ్చుకొచ్చాడట. దొడ్లోంచి బర్రెను కూడా ఎవరో విప్పుకొచ్చారు. బర్రెను ఎవరైనా ముట్టుకోవచ్చు.

"అయ్యో, పిల్లతల్లి లోపలనే ఉన్నది! ఎవలన్న వోండ్రి!" అని మా అత్త గుండెలు బాదుకుంది. అది దొంగేడుపు కాదు, నాకు తెలుసు.

"ఎవలు వోవాలె? పురిటిమనిషిని ఎట్ల ముడతం?"

"పంతులుని అడిగి రాపోండ్రి జల్దీ."

మా ఇంటాయన లోపలికి రెండడుగులు వేస్తే మా మామ చెయ్యి పట్టి ఆపాడు. "నువ్వు ముడితె అందరికి మైల. జమేదారును పిల్సుకరా, మందు ఆయనది." ఈయన గుడారానికి పరుగెత్తాడు. దరఖాస్తు లేనిదే సాబ్ కదలడని గుమాస్తా ఈయన చేతికి కాగితమిచ్చాడు. మా ఇంటాయన దస్తూరీ ముత్యాల్లా ఉండేది. ఆవేళ కూడా ఒక్క కొట్టివేత లేకుండా రాశానని తర్వాత ఆయనే నాకు చెప్పాడు.

ఇక్కడ నా ఒళ్లో పిల్ల ఏడుపు మానేసింది. మెడ వాల్చేసింది. చెంప తట్టాను, పాలు నోట్లో పిండాను, కదల్లేదు. నా బిడ్డ పోయిందనుకున్నాను.

అప్పుడు వీధిలో మంత్రసాని గొంతు వినిపించింది. పిల్లకు నీళ్లు పోసే వేళకు దొడ్డివాకిలి దగ్గరికి వచ్చి, వాసన తట్టుకోలేక ముందుకు తిరిగొచ్చింది.

"బాలింత ఏది?" అంది. "ఏందమ్మా, గట్ల నిలవడ్డరు? పిల్ల ఏది?"

"లోపలున్నరే... ఏయ్, బేడ, బేడ, రావొద్దు! గిట్ల కాదు, దొడ్డికెల్లి పో!" అని మా అత్త అడ్డం వచ్చింది.

"దొడ్డి నిండ మందే ఉన్నది. జరుగు అవ్వా, మల్ల కడుక్కుందురు గని."

తడికొంగు ముక్కుకు కట్టుకుని, దుకాణం దాటి, నడింట్లో దేవుని గూటి పక్కనుంచి నా దగ్గరికి వచ్చింది. పిల్లను లాక్కుని పోయింది. మళ్లీ వచ్చింది. "లే బిడ్డా, లే! నీ యవ్వ, లే!" అని తిడుతూ చంకల కింద చేతులేసి నన్ను ఈడ్చుకుపోయింది. గడప అంచుకు నా మడమ చీరుకుపోయింది.

వీధిలో ఆమె పిల్లను బోర్లా పట్టుకుని వీపు చరిచింది. నోట్లోకి ఊదింది, మళ్లీ చరిచింది. ఎంతకో పిల్ల కేరుమంది. నాకు ప్రాణం లేచొచ్చింది, బజారు మధ్యన కూర్చుని గట్టిగా ఏడ్చాను. మంత్రసాని గోడ పక్కకు పోయి భళ్లున కక్కుకుని "నీళ్లు" అంది.

పక్కింటివాళ్లు బిందె తెచ్చారు. చెంబు ఇవ్వలేరు, పైనుంచి దోసిట్లో పోస్తారు. ఆమె చేతులు వణికి దోసిలి నిలవలేదు, నీళ్లన్నీ మట్టిపాలయ్యాయి. నేను పాక్కుంటూ పోయి నా దోసిలి పట్టాను. నేనూ ముట్టరానిదాన్నే కనక నాకూ పైనుంచే పోశారు. నా చేతుల్లో ఆమె తాగింది, మిగిలిన గుక్కెడు నేను తాగాను.

అంతా అయ్యాక జమేదారూ మా ఇంటాయనా దరఖాస్తూ కలిసి వచ్చారు. "ఇంట్ల ఎవ్వలు లేరంటివి గద సేఠ్?" అన్నాడు జమేదారు.

"లేరు సాబ్. అందరు బయటనే ఉన్నరు" అన్నాడు మా మామ. ఆ నిమిషానికి అది నిజమే. సర్కారువారు సకాలంలో తగిన చర్య తీసుకున్నందున నష్టమేమీ లేదని జమేదారు రాసుకుంటే మా మామ కింద దస్కత్తు పెట్టాడు.

నన్నూ పిల్లనూ పక్కింటి కొట్టంలో పెట్టారు. మందు వాసన పోయాక మా ఇల్లు మూడుసార్లు కడిగారు. మందుకు కాదు, మంత్రసాని నడిచిన దారికి.

పదకొండోనాడు నాకు తలకు పోసి, కొత్తచీర కట్టించి, ముందు వాకిట్లోంచి ఇంట్లోకి తీసుకెళ్లారు. నా మైల పోయింది. పిల్లనెత్తుకుని దొడ్లోకి వచ్చేసరికి వాకిలి దగ్గర మంత్రసాని నిలబడి ఉంది. దగ్గు ఇంకా తగ్గలేదు. పిల్లను చూడగానే ఆమె ముఖం విప్పారింది, రెండు చేతులూ చాచింది.

"ఏదీ, నా బంగారమేది? ఒక్కపారి ఇయ్యి బిడ్డా."

మా అత్త నడింట్లో ఎక్కడో ఉంది. ఆమె వద్దని ఉంటే బాగుండేది, ఇన్నేళ్లూ తప్పు ఆమె మీదికి నెట్టేసేదాన్ని. ఎవరూ వద్దనలేదు. నేనే పిల్లను గుండెకు అదుముకుని ఒక అడుగు వెనక్కి వేశాను.

ఆమె చాచిన చేతులు కొంగుకు తుడుచుకుంది.

"హౌ గద, తానమైంది నీకు" అంది. "మర్సిన."