తలుపు బిగించి పడిపోయే బాబాయి

తలుపుల బాబాయికి ఒకటే పిచ్చి. ఏ ఇంట్లో స్నానాలగది తలుపు బిగించినా, పని అయిపోగానే లోపలికి వెళ్ళి, గడియ వేసుకుని, నేలమీద బార్లా పడుకుని, "పడిపోయానర్రా! బయటికి తియ్యండి!" అని కేకలు పెట్టేవాడు. తియ్యగలిగారా, తలుపు బాగున్నట్టు. లేకపోతే దాన్ని ఊడదీసి పని మళ్ళీ మొదటికి. అందాకా ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు.

వడ్రంగిపనిలో చెయ్యి తిరిగిన మనిషి, అందులో రెండోమాట లేదు. చిన్నాపెద్దా అందరికీ ఆయన బాబాయే. ఆరడుగుల మనిషి, ఆ ఎత్తుకు తగ్గ గొంతు. ఓసారి డాక్టరుగారింట్లో ఇలాగే కేక పెడితే, సంగతి తెలియని పక్కింటాయన గునపం పట్టుకుని పరిగెత్తుకొచ్చి, గంట క్రితం బిగించిన తలుపును రెండు ముక్కలు చేశాడు. బాబాయి ఆ ముక్కల మధ్యనుంచి లేచి కూర్చుని, "శభాష్! తలుపు పోతే ఇంకోటి చేస్తాను, ఇలాంటి పొరుగువాణ్ణి మాత్రం ఎవరూ చెయ్యలేరు," అన్నాడు. డాక్టరుగారు పాపం వారంరోజులు గుమ్మానికి దుప్పటి కట్టుకుని స్నానం చేశారు.

తలుపు ఎంచుకోవడానికి వచ్చినవాళ్ళకూ ఆయనతో తిప్పలే. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి వచ్చి, పడగ్గది తలుపుమీద పువ్వులు చెక్కాలంది.

"పువ్వులకేం, చెక్కుతాను. ముందిది చెప్పండి, మీ ఇద్దరిలో కోపమొస్తే తలుపు ధడాలున వేసేదెవరు?"

మొగుడు పెళ్ళాన్ని చూపించాడు. పెళ్ళాం మొగుణ్ణి చూపించింది.

"అయితే మూడు మడతబందులు చాలవు, అయిదు వెయ్యాలి," అని రాసుకున్నాడు బాబాయి.

ఇంత ఆరా ఎందుకో, ఆ పడిపోవడాలెందుకో టైలరమ్మకు అర్థమయ్యేదాకా ఎవరికీ అర్థం కాలేదు.

టైలరమ్మ వాళ్ళమ్మతో కలిసి ఉంటుంది. ఏడాది క్రితం ఆ తల్లి స్నానాలగదిలో కాలు జారి, సరిగ్గా తలుపుకు అడ్డంగా పడింది. అది లోపలికి తెరుచుకునే తలుపు, ఆపైన గడియ. బయటనుంచి తోస్తే అమ్మకే తగులుతుంది. కిటికీ ఊచలు కోసి మనిషి లోపలికి దిగేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా టైలరమ్మ తలుపుకు చెవి ఆనించి నిలబడే ఉంది.

అమ్మ కాలు మూడు నెలల్లో అతుక్కుంది. కూతురి భయం మాత్రం అతుక్కోలేదు. గడియ వెయ్యకూడదన్నది, తలుపు ఓరగా ఉండాలన్నది. గుమ్మం బయట స్టూలేసుకుని, ఒళ్ళో కుట్టుపని పెట్టుకుని, నిమిషానికోసారి "అమ్మా, ఉన్నావా?" అనేది.

"ఉండక ఎక్కడికి పోతానే, ఈ బకెట్టు వదిలేసి? పడ్డదాన్ని నాకే లేదు భయం. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

ఒకప్పుడు ఆవిడ స్నానమంటే ఒక కచేరీ. మొదలుపెట్టిన పాట పూర్తయితేగానీ బయటికొచ్చేది కాదు. ఇప్పుడు అయిదు నిమిషాల్లో నాలుగు చెంబులు గుమ్మరించుకుని వచ్చేస్తోంది. పాట ఊసే లేదు. ఓరోజు తల తుడుచుకుంటూ, "ముసలిదాన్నయ్యాను, సరే. నా స్నానం కూడా నాది కాకుండా పోయిందే," అంది. ఆ మాటకు కూతురి మనసు చివుక్కుమంది. అయినా భయం భయమే. ఇక తలుపే తీసేసి తెర కడితే ఈ గొడవ ఉండదనుకుని బాబాయికి కబురు పెట్టింది.

"తలుపు పెట్టమనేవాళ్ళే తప్ప పీకెయ్యమన్నవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను," అన్నాడు బాబాయి. పెద్దావిడ వైపు తిరిగి, "వదినగారూ, మీరేమంటారు?" అని అడిగాడు.

"ఏడాదిలో నన్నడిగిన మొదటి మనిషివి నువ్వేనయ్యా. నాకు తలుపు కావాలి. గడియ కావాలి. అది నేను లోపల వేసుకోవాలి."

బాబాయి గుమ్మాన్ని కొలవడానికి ముందు ఆవిణ్ణి కొలిచాడు. నిలబడితే చెయ్యి ఎక్కడికి అందుతుంది, పీటమీద కూర్చుంటే ఎక్కడికి అందుతుంది అని గోడమీద సుద్దగీతలు గీశాడు. మూడోరోజుకి తలుపు తయారు. ఇది బయటికి తెరుచుకుంటుంది. గడియకు బయటివైపు చిన్న గాడి పెట్టాడు. అందులో స్పూను కాడ పెట్టి తిప్పితే లోపలి గడియ తెరుచుకుంటుంది.

ఆ తర్వాత షరామామూలే. లోపలికి వెళ్ళాడు, గడియ వేశాడు, ధబ్బున పడ్డాడు. "పడిపోయానర్రా!"

టైలరమ్మ స్పూను పట్టుకుని తలుపు దగ్గరికి పరిగెత్తింది. సన్నసూదిలో ఒక్క గురికే దారం ఎక్కించే చెయ్యి, అంత గాడి కనిపిస్తున్నా స్పూను పెట్టలేకపోయింది. స్పూను రెండుసార్లు జారి కిందపడింది. ఎలాగో తలుపు తీసేసరికి కళ్ళనిండా నీళ్ళు.

"యాభై నాలుగు సెకన్లు," అన్నాడు బాబాయి నేలమీదనుంచే, చేతిగడియారం చూస్తూ. "మళ్ళీ."

రెండోసారి నలభై. నాలుగోసారి పాతిక. ఏడోసారికి స్పూను జారడం మానేసింది. తొమ్మిదోసారి పెద్దావిడ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. పదకొండోసారి తలుపు తెరిచేసరికి బాబాయి ఇంకా "బయటికి తి..." దగ్గరే ఉన్నాడు.

"ఆరు!" అంటూ లేచాడు. "ఇంక చాలు."

"తలుపు మొదటిసారే బాగా వచ్చింది కదా బాబాయ్. ఇన్నిసార్లెందుకు పడ్డారు?"

"తలుపు సంగతి నాకు తెలీదా అమ్మాయ్, చేసినవాణ్ణి! పరీక్ష తలుపుకి కాదు, బయట నిలబడేవాళ్ళకి. లోపల పడ్డవాళ్ళు ఒక్కసారే పడతారు. బయటున్నవాళ్ళు రోజూ పడుతూనే ఉంటారు."

ఏడాదిగా అందరూ అమ్మ కాలు ఎలా ఉందని అడిగారేగానీ, టైలరమ్మ ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. వంగి ఆయన పాదాలకు దణ్ణం పెట్టింది. "ఛ ఛ, లే లే," అన్నాడు బాబాయి, చెవులదాకా ఎర్రబడి. పనిముట్ల సంచి తీసుకుని వసారాలోకి నడిచాడు.

ఈలోగా పెద్దావిడ తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళింది. టక్కున గడియ పడింది. టైలరమ్మ స్పూను పట్టుకుని రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ఒసే, అక్కడే నిలబడ్డావా?"

"లేదమ్మా, వంటింట్లో ఉన్నాను," అంది టైలరమ్మ తలుపు ముందునుంచి. అని, స్పూనును గుమ్మం పక్క మేకుకు తగిలించి, నిజంగానే వంటింట్లోకి వెళ్ళింది. వెనక నీళ్ళ చప్పుడు, ఆ వెంటనే ఏడాదిగా వినని పాట. ఆమె పొయ్యి దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుకుంది.

అంతలో వసారాలోంచి, "అమ్మాయ్! పడిపోయానర్రా!" అని కేక.

పరిగెత్తి చూస్తే బాబాయి పనిముట్ల సంచి పక్కన బార్లా పడున్నాడు.

"ఇంకా పరీక్షేమిటి బాబాయ్?"

"పరీక్ష కాదమ్మా, నిజం! పదకొండుసార్లు పడ్డానా, నడుం పట్టేసింది. లేవలేను."

పాట ఆగింది. "ఏమిటే ఆ గోల?"

"బాబాయికి నడుం పట్టేసిందమ్మా! నా ఒక్కదానివల్లా లేవట్లేదు, ఓ చెయ్యి వేద్దువుగాని రా!"

"వస్తాను, ఉండమను. ఇంకా రెండు చరణాలున్నాయి."

మళ్ళీ పాట అందుకుంది. నేలమీదనుంచే బాబాయి తల ఊపుతూ తాళం వేశాడు.