గాటు పెట్టిన చెక్కముక్క

మా యూనియన్ సెక్రటరీ అన్న పోయాడన్న కబురు, నేను ఫ్యాక్టరీ స్టోర్స్‌లో బోల్టుల డబ్బాలు సర్దుతుండగా ఫోన్లో వచ్చింది. పొద్దున్నే పాలకని బయలుదేరి గడప దగ్గరే కూలిపోయాడట. చేతిలో డబ్బా కింద పెట్టేశాను. ముందుగా తట్టిన ఆలోచన చెబితే మీరు నవ్వుతారు. ఈ ఏడు నేను బతికే ఉన్నానని కాగితం ఎవరు రాయిస్తారు అనుకున్నాను.

ఆ మాట అర్థం కావాలంటే నా చెయ్యి సంగతి చెప్పాలి. పటాన్‌చెరు దగ్గర రేకు సామాన్లు చేసే ఫ్యాక్టరీ మాది, అన్న కూడా అక్కడి ప్రెస్ షాపులోనే పనిచేసేవాడు. పదమూడేళ్ల కింద ప్రెస్ మెషిన్ కింద పడి నా కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. అప్పటి నుంచి కార్మికుల బీమా ఆఫీసు నెలనెలా పింఛను ఇస్తోంది. మనిషి బతికున్నాడని ఏటా కాగితం ఇవ్వకపోతే అది ఆగిపోతుంది. ఆ కాగితం ఇవ్వాల్సిన నెల రాగానే అన్న ఇంద్రేశం నుంచి లక్డారంలోని మా ఇంటికి బండి మీద వచ్చేవాడు. "బతికున్నోడు బతికున్నట్టు రాయించుకోవాలె తమ్మీ. మనం ఊకుంటే వాళ్లంతట వాళ్లు రాయరు" అనేవాడు. సర్పంచ్ సంతకం దగ్గర నుంచి ఆఫీసు కిటికీ దాకా నా వెంటే ఉండేవాడు. నడిచేటప్పుడు ఎప్పుడూ నా కుడిపక్కనే నడిచేవాడు.

పింఛను ఒక్కటే కాదు. దెబ్బ తగిలి పాత పని చేయలేని కార్మికుణ్ణి తీసేయకూడదని, రిటైరయ్యేదాకా తేలిక పని ఇవ్వాలని మేనేజ్‌మెంటుతో ఒప్పందం రాయించింది అన్నే. నాకీ స్టోర్స్ పని దానివల్లే వచ్చింది. అయితే అందులో మేనేజ్‌మెంటు పట్టుబట్టి పెట్టిన షరతు ఒకటుంది. మెషిన్ రక్షణను కార్మికుడే తప్పించి ఉంటే అతనికి ఇది వర్తించదు.

బీమా డాక్టర్ల బోర్డు ముందుకు వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. పిడికిలి మూయమన్నారు. నేను పళ్లు బిగబట్టి, నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా మూసి చూపించాలని చూశాను. పనికిరానివాడని అనిపించుకోవడం మా వంటివాళ్లకు చేతకాదు. పక్కనున్న అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు.

"గిది నౌకరి ఇంటర్వ్యూ కాదు తమ్మీ. రాకుంటే రాదని చెప్పు."

రాదని చెప్పాను. బయటికొచ్చాక ఆయనే చాయ్ తాగించాడు, గ్లాసు నా ఎడమచేతికి అందించి.

ఆయనకో అలవాటుండేది. ఎవరి బాధ వింటున్నా చేతులు ఊరికే ఉండేవి కావు. ప్యాకింగ్ చెక్క తీసుకుని చిన్న కత్తితో చెక్కుతుండేవాడు. అందుకే మా యూనియన్ ఆఫీసులో ఊగే బల్ల ఒక్కటి కూడా ఉండేది కాదు, ప్రతి కాలి కిందా ఆయన చెక్కముక్క ఉండేది. లాగడానికి వీలుగా చివర గాటు పెట్టేవాడు. నాకు దెబ్బ తగిలాక ఆ కత్తి మళ్లీ కనబడలేదు. వయసు మీద పడింది, ఓపిక లేదేమో అనుకున్నాను.

ప్రెస్ షాపు చూడనివాళ్లకు ఒకటి చెప్పాలి. ఆ మెషిన్‌కు రెండు బటన్లు ఉంటాయి, రెండు చేతులతో నొక్కితేనే దిగుతుంది. చేతులు రెండూ బయట ఉండాలనే ఆ ఏర్పాటు. కానీ అలా చేస్తే అడిగినన్ని పీసులు రావు. అందుకని ఒక బటన్‌ను చెక్కముక్కతో బిగించి, ఒక చేత్తో నొక్కుతూ ఇంకో చేత్తో రేకు పెట్టేవాళ్లం. నేను చేరేనాటికే ప్రతి మెషిన్ మీదా ఒక ముక్క ఉంది. ఎవరు చేశారని అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. ఎవరికైనా దెబ్బ తగిలితే, మనిషిని పట్టుకోవడానికి ముందే పక్కవాడు ఆ ముక్క లాగేసి దాచేవాడు. అది మా దగ్గర రాయని రూలు.

నాకు దెబ్బ తగిలిన రోజున ఎవరు లాగారో నాకు తెలియదు, స్పృహ లేదు. సాయంత్రం ఆసుపత్రిలో అన్న వంగి చెవిలో చెప్పాడు: "రెండు చేతులతోని నొక్కిన, మెషిన్ దానంతటదే దిగిందని చెప్పు. ఇంకో మాట మాట్లాడకు." ఎంక్వయిరీలో అదే చెప్పాను. స్టోర్స్ పని వచ్చాక నా భార్య ఆయన కాళ్లకు దండం పెట్టబోతే చటుక్కున వెనక్కి జరిగాడు. "నాకెందుకమ్మా, ఒప్పందానికి మొక్కుర్రి" అన్నాడు. ఎంత నిగర్వి అని ఇన్నేళ్లు అందరికీ చెప్పుకున్నాను.

పదకొండో దినం నాడు వదిన నాకో పాత కవరు ఇచ్చింది. నా కాగితాల నకళ్లు వరసగా ఉన్నాయి. అడుగున, నూనెకు నల్లబడ్డ చెక్కముక్క.

"గీ కట్టెముక్క గూడ నీకే ఇయ్యమన్నడు. ఒకపారి పారేస్తనంటే మస్తు కోపం జేసిండు" అంది వదిన.

"ఎందుకట వదినా?"

"నాకేం జెప్పలె. మీ ఇంట్ల మంచం గిట్ల ఊగుతదేమో అనుకున్న."

దాని మీద ఏడు అని గీసి ఉంది. నా మెషిన్ నంబరు. చివర అదే గాటు.

ఆ రోజు నుంచి నా బుర్ర కుదురుగా లేదు. చెక్కింది ఆయనే. లాగి దాచిందీ ఆయనే. ఆసుపత్రిలో చెవిలో చెప్పిన మాట నన్ను కాపాడటానికా, తనను కాపాడుకోవడానికా? ఏటా బండేసుకుని వచ్చింది నా మీద ప్రేమతోనా? కోపం వచ్చింది. కోపం వచ్చినందుకు సిగ్గేసింది. ఆ పొద్దు దాన్ని బటన్ మీద బిగించింది నేనే కదా. ఆయన ఉంటే అడిగేవాణ్ణా అంటే, అదీ తెలియదు. ఆయన మీద నాకున్న కృతజ్ఞత మాత్రం తగ్గలేదు. తగ్గితే కొంచెం తేలికగా ఉండేదేమో.

మొన్న ఒక్కణ్ణే బస్సెక్కి సంగారెడ్డి వెళ్లాను. బీమా ఆఫీసులో సంతకం పెట్టబోతే బల్ల ఊగింది. జేబులో ముక్క ఉంది. వంగి కాలి కింద పెట్టాను, బల్ల నిలిచింది. నేను బతికే ఉన్నానని సంతకం చేశాను.

"అయిపాయె గదా, ఇగ పోవచ్చు" అన్నాడు గుమస్తా.

వదిలేసి పోదామనే గుమ్మం దాకా నడిచాను. మళ్లీ వెనక్కి వచ్చి, బల్ల కింద కుడిచెయ్యి పెట్టాను. నాకు మిగిలిన రెండు వేళ్లూ ఆ గాటులో సరిగ్గా పట్టాయి. ముక్క సులువుగా ఊడి వచ్చింది.